మెయిడెన్ కాజిల్: మట్టికట్టలు చెప్పిన కథ, ఎముకలు దిద్దిన కథ

ఇంగ్లండు దక్షిణతీరాన ఉన్న వేమౌత్‌కు వేసవి సెలవులలో కారులో వెళ్ళే కుటుంబాలు డార్చెస్టర్ పట్టణం దాటిన కొద్దిసేపటికి కుడివైపున ఒక వింత కొండను చూస్తాయి. ఆ కొండ అంచులు మెట్లు మెట్లుగా, ఎవరో మహాకాయుడు వేళ్ళతో గీరినట్లు చారలు చారలుగా కనిపిస్తాయి. దానిమీద బురుజులు లేవు, రాతిగోడలు లేవు, కూలిన మండపాలు కూడా లేవు. పచ్చిక, గొర్రెలు మాత్రమే ఉన్నాయి. గోల్కొండనూ గుత్తినీ చూసిన కళ్ళకు దీనిని కోట అనడం అతిశయోక్తిగా తోచవచ్చు. కాని ఐరోపాలోని ఇనుప యుగపు గిరిదుర్గాలలో మిక్కిలి పెద్దవైన వాటిలో ఇది ఒకటి. దీని పేరు మెయిడెన్ కాజిల్. ‘కన్యాదుర్గం’ అని అర్థం చెప్పుకోవడం సులభమే గాని, ప్రాచీన బ్రిటన్ భాషలో ‘పెద్ద కొండ’ అనే అర్థం గల మాటయే ఇలా రూపు మారిందని కొందరు పండితుల అభిప్రాయం.

డార్చెస్టర్ మ్యూజియంలో ఈ కోటకు సంబంధించిన ఒక వస్తువు ఉన్నది. అది ఒక మనిషి వెన్నుపూస. అందులో ఇనుపమొన ఒకటి గుచ్చుకొని నేటికీ అలాగే నిలిచి ఉన్నది. ఈ ఒక్క ఎముకను చూసి తయారైన కథ దాదాపు 90 సంవత్సరాల పాటు పాఠ్యపుస్తకాలలోనూ, పర్యాటకుల కరపత్రాలలోనూ చలామణి అయింది. రోమన్ సైన్యం వచ్చి కోటను ముట్టడించిందనీ, ఆడా మగా చూడక ఊచకోత కోసిందనీ ఆ కథ సారాంశం. ఆ కథ ఎలా పుట్టినది, ఎలా వీగిపోయినది తెలుసుకోవాలంటే ముందుగా ఈ మట్టికట్టలను చదవడం తెలియాలి.

కొండ అంతా సుద్దరాయి. పైన పలుచగా పచ్చిక, దాని క్రింద జానెడు మన్ను, ఆ క్రింద తెల్లని సుద్ద. సముద్రమట్టానికి సుమారు 130 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండపై మనుష్యులు మొట్టమొదట కందకం త్రవ్వినది క్రీ. పూ. 3600 ప్రాంతంలో, అనగా నవీన శిలాయుగంలో. అప్పటికి ఈ దేశంలో లోహం లేదు. ఎర్రదుప్పి కొమ్ములే గునపాలు. వారు త్రవ్వినది ఏకధారగా సాగే కందకం కాదు. కొంత దూరం త్రవ్వి, నడుమ దారి విడిచి, మళ్ళీ త్రవ్వినది. శత్రువును ఆపదలచినవాడు ఇన్ని దారులు విడువడు గనుక, అది కోట కాదనీ, చుట్టుపక్కల వారు ఏడాదికి కొన్ని మార్లు కలుసుకొనే జాతరస్థలం వంటిదనీ భావిస్తున్నారు. అటుపిమ్మట అదే కొండ నెత్తిన 546 మీటర్ల పొడవు గల ఒక దీర్ఘమైన మట్టిదిబ్బను నిర్మించారు. దాని ప్రయోజనం ఏమిటో ఎవరికి వారే ఊహించుకోవాలి. తరువాత వేల సంవత్సరాలు కొండ ఇంచుమించు నిర్జనంగానే ఉండిపోయింది.

అసలు కోట క్రీ. పూ. 600 ప్రాంతంలో మొదలయింది. కొండ తూర్పు భాగంలో సుమారు 16 ఎకరాలను చుట్టి ఒక కందకం, దాని లోపలి అంచున ఒక మట్టికట్ట కట్టారు. ఇటువంటి చిన్న కోటలు ఆ కాలంలో దక్షిణ ఇంగ్లండులో అనేకం. క్రీ. పూ. 450 ప్రాంతంలో మెయిడెన్ కాజిల్ తక్కిన వాటి నుండి వేరుపడింది. పడమటి శిఖరాన్ని కూడా కలుపుకొని ఆవరణను 47 ఎకరాలకు పెంచారు. ఒక కట్టకు బదులు ఉత్తరాన మూడు, దక్షిణాన అంతకు మించిన కట్టలు వరుసగా లేచాయి. తూర్పున, పడమట ఉన్న రెండు వాకిళ్ళ ముందు మట్టికట్టలను మెలికలు త్రిప్పి, లోనికి వచ్చేవాడు తిన్నగా నడవలేని విధంగా వంకర దారులు ఏర్పరచారు. వాకిట నిలబడి చూస్తే ఎదుట కట్టే తప్ప ద్వారం కనబడదు. కోటవాకిళ్ళను వంపులు త్రిప్పి కట్టడం మన రాతికోటలలో కూడా కనిపించే యుక్తియే.

కందకం అనగానే మనకు మొసళ్ళు ఈదే నీటి అగడ్త తలపునకు వస్తుంది. సుద్దకొండపై నీరు నిలువదు. ఇక్కడి కందకాలు పొడి కందకాలు, అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటాయి. త్రవ్విన సుద్దనే లోపలి వైపుకు ఎత్తిపోస్తే కట్ట అవుతుంది. అంటే ఒక్క పనిలో రెండు రక్షణలు. తొలినాళ్ళలో ఈ ప్రాంతపు కోటలలో కట్ట ముఖాన నిలువుగా మొద్దులు పాతి, వాటి వెనుక మట్టి నింపేవారు. చూడడానికి అది గోడ వలె నిటారుగా ఉండేది. కాని నేలలో పాతిన కొయ్య కొన్ని దశాబ్దాలలో పుచ్చిపోతుంది, అప్పుడు మట్టి జారుతుంది. ఆ తరువాతి తరాలవారు కొయ్యను మానివేసి, కందకం అడుగు నుండి కట్ట నెత్తి వరకు ఒకే వాలుగా మట్టిని పోయసాగారు. ఈ వాలుకు పుచ్చే భాగం లేదు, కాల్చడానికి కొయ్య లేదు. ప్రాకి ఎక్కేవాడికి కాలు నిలువదు. రాతికోట వెలుపల మట్టికోట కట్టుకున్న ఓరుగల్లు వారికి మట్టి విలువ వేరుగా చెప్పనవసరం లేదు. నేడు ఈ కట్టలన్నీ పచ్చగా కనబడుతున్నాయి గాని, కట్టిన కొత్తలో అవి తెల్లని సుద్దతో మెరిసిపోతూ మైళ్ళ దూరం నుండి కనబడి ఉంటాయి. మరమ్మత్తు చేసి కొత్త సుద్ద పోసినప్పుడల్లా ఆ తెలుపు మళ్ళీ వచ్చేది.

ఇన్ని కట్టలు దేనికి? వడిసెల కొరకు అని ఒక జవాబు. జొన్నచేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలే వడిసెలయే ఇక్కడ యుద్ధాయుధం. తూర్పు వాకిలి దగ్గర ఒకే గోతిలో 22,000 కు పైగా గులకరాళ్ళు పోగుగా దొరికాయి. అవన్నీ నున్నగా, గుండ్రంగా, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నాయి. కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న చెసిల్ సముద్రతీరం నుండి ఏరి తెచ్చినవి. శత్రువును వడిసెల వేటు దూరంలో, వాలుమీద ఆయాసపడుతూ ఉండగా నిలిపి కొట్టడానికే వరుస కట్టలు కట్టారని ఒక సిద్ధాంతం. కాని తరువాతి పండితులు దీనికి సగమే తల ఊపారు. పొరుగు కోటలకంటె తమ కోట ఘనమైనదని చాటుకోవడం, వందలమందిని ఏటేటా ఒక పనికి కూర్చి వారిని ఒక సమాజంగా నిలుపుకోవడం అనే ప్రయోజనాలు కూడా ఈ కట్టలలో ఉన్నాయని వారి వాదం. ఊరంతా కలిసి చెరువుకట్ట వేసుకొన్న చోట కట్టతోపాటు ఊరు కూడా గట్టిపడుతుందన్నది తెలుగువారికి తెలియని సంగతి కాదు.

కోట లోపల జనం ఎలా బ్రతికారు? ఇళ్ళు గుండ్రనివి. దడి కట్టి మట్టి మెత్తి, పైన గడ్డి కప్పిన ఆ ఇళ్ళకు ఉత్తర కోస్తాలోని చుట్టిళ్ళు దగ్గరి పోలిక. గోధుమ, బార్లీ పండించారు; గొర్రెలను, పశువులను పెంచారు. లోపలి నేలనిండా గోతులు. సుద్దలో నిలువుగా, కొన్ని మనిషి లోతున, సీసావలె మూతి ఇరుకుగా త్రవ్విన ఈ గోతులను చూసి పందొమ్మిదవ శతాబ్దపు పరిశోధకులలో కొందరు అవి మనుష్యులు నివసించిన బిలాలని వ్రాశారు! అవి ధాన్యపు పాతరలు. హాంప్‌షైర్‌లోని డేన్‌బరీ అనే మరొక గిరిదుర్గాన్ని 1969 నుండి 1988 వరకు బారీ కన్లిఫ్ నాయకత్వంలో త్రవ్వినపుడు ఇటువంటి పాతరలు వేల సంఖ్యలో బయటపడ్డాయి.

తేమ దేశంలో భూమిలో పూడ్చిన గింజ మొలకెత్తి చెడిపోదా అన్న సందేహం సహజమైనదే. పీటర్ రెనాల్డ్స్ అనే పరిశోధకుడు నిజంగానే గోతులు త్రవ్వి, ధాన్యం నింపి, మూతికి బంకమట్టి మెత్తి పరీక్షించాడు. గోతి గోడలను అంటిన గింజలు కొద్దిగా మొలకెత్తి, లోపలి ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఆ వాయువు నిండగానే మొలక ఆగిపోతుంది, పురుగు బ్రతుకదు, తక్కిన ధాన్యమంతా నిద్రావస్థలో నిలిచిపోతుంది. నెలల తరువాత తీసిన ఆ గింజలు విత్తనానికి కూడా పనికివచ్చాయి. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ జొన్నలు పాతర వేసిన రైతులకు ఈ రసాయన శాస్త్రం పేరు తెలియకపోయినా పని తెలుసు. పాతర తీసిన వెంటనే అందులోకి దిగరాదనీ, గాలి ఆడనివ్వాలనీ పెద్దలు హెచ్చరించేది ఈ వాయువు కారణంగానే. నేటి పిల్లలకు పాతర అన్న మాట ‘పాతిపెట్టడం’ అనే అర్థంలోనే మిగిలింది గాని, ఆ మాట వెనుక కరువుకాలాన్ని దాటించిన ఒక సాంకేతిక విద్య ఉన్నది.

ఇక ఈ కట్టలకూ కందకాలకూ వయస్సు నిర్ణయించే పద్ధతి. కందకం త్రవ్విన మరునాటి నుండే పూడడం ప్రారంభిస్తుంది. తొలి చలికాలాలలో మంచు గడ్డకట్టి సుద్దగోడలను పగులగొడుతుంది. పెద్ద పెద్ద ముక్కలు అడుగుకు జారుతాయి. గోడలు వాలు తిరిగిన తరువాత జారుడు తగ్గి, సన్నని మన్ను మెల్లమెల్లగా పేరుకొంటుంది. చివరకు పచ్చిక మొలిచి అంతా స్థిరపడుతుంది. ఈ పొరలలో పడిన కుండపెంకు, ఎముక, నాణెం ఏ పొరలో ఉన్నదో దానిని బట్టి ముందువెనుకలు తెలుస్తాయి. అదే విధంగా కట్ట క్రింద చిక్కిన పాత నేల కట్టకంటె పాతదని చెప్పక తప్పదు. ఇది తర్కం మాత్రమే కాదు, పరీక్షించి చూసినది కూడా. 1960 లో విల్ట్‌షైర్‌లోని ఓవర్టన్ డౌన్ అనే చోట శాస్త్రజ్ఞులు ఒక కొత్త కట్టను, కందకాన్ని నిర్మించారు. అందులో గుడ్డ, తోలు, కొయ్య, ఎముక వంటివి పాతిపెట్టి, 2, 4, 8, 16, 32 సంవత్సరాలకు ఒకసారి చొప్పున కోసి చూశారు. కందకం పూడడంలో అధికభాగం మొదటి కొన్ని సంవత్సరాలలోనే జరిగిపోతుందని తేలింది. తాము చూడలేని భవిష్యత్తు కొరకు ప్రయోగం మొదలుపెట్టిన ఆ శాస్త్రజ్ఞుల ఓర్పు మెచ్చుకోదగినది.

మెయిడెన్ కాజిల్ పొరలను మొదట క్రమంగా విప్పినవాడు మోర్టిమర్ వీలర్. 1934 నుండి 1937 వరకు నాలుగు వేసవులు ఆయన ఇక్కడ త్రవ్వించాడు. ఆయన భార్య టెస్సా వెర్నీ వీలర్ ఈ పనిలో సమాన భాగస్వామిని. 1936 లో, పని సగంలో ఉండగానే ఆమె మరణించింది. వీలర్ కీర్తిలో ఆమె పాలు ఎంతో చాలా పుస్తకాలు చెప్పవు. నేలను చదరపు గళ్ళుగా విభజించి, గడికీ గడికీ నడుమ గట్టు వదిలి త్రవ్వడం వారి పద్ధతి. పైనుండి చూస్తే వరిమళ్ళ వలె కనిపించే ఆ గట్ల నిలువు ముఖాలమీద పొరలన్నీ చదువుకోవడానికి వీలుగా నిలిచి ఉంటాయి. ప్రతి వస్తువుకూ అది దొరికిన పొర సంఖ్య వేస్తారు. వీలర్‌కు ప్రజలను ఆకర్షించడం కూడా తెలుసు. పత్రికలవారిని పిలిచాడు, చూడవచ్చిన వారికి దగ్గరుండి వివరింపజేశాడు, త్రవ్వకాల ఖర్చులకు గాను వడిసెల రాళ్ళను కూడా జ్ఞాపికలుగా అమ్మించాడు.

తూర్పు వాకిలి దగ్గర ఆయనకు సమాధులు కనిపించాయి. మూడు పదులకు మించిన అస్థిపంజరాలు. కొన్నిటి పుర్రెలపై కత్తివేట్లు. ఒకదాని వెన్నులో ఆ ఇనుపమొన. దగ్గరలోనే బొగ్గు, బూడిద కలిసిన పొర. రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ వ్రాసిన చరిత్రలో, తరువాతి కాలంలో చక్రవర్తి అయిన వెస్పేసియన్ బ్రిటన్‌లో ముప్పై పోరాటాలు చేసి, రెండు జాతులను లొంగదీసి, ఇరవైకి పైగా కోటలను పట్టుకున్నాడని ఉన్నది. ఆ కోటల పేర్లు మాత్రం అందులో లేవు. వీలర్ ఆ ఖాళీని పూరించాడు. క్రీ. శ. 43 లేదా 44 లో రెండవ అగస్టా దళం ఈ తూర్పు వాకిలిని ముట్టడించిందనీ, బాణయంత్రాలతో కొట్టి, గుడిసెలు తగులబెట్టి, దొరికినవారిని నరికివేసిందనీ, ఆ రాత్రి బ్రతికినవారు చీకటిలో వచ్చి తమవారిని హడావుడిగా పూడ్చిపెట్టారనీ ఆయన వ్రాశాడు. వెన్నులోని మొన బాణయంత్రపుదని నిర్ణయించాడు. 1943 లో ఆ గ్రంథం వెలువడే నాటికి బ్రిటన్ మరొక దండయాత్ర భయం నుండి అప్పుడప్పుడే తేరుకుంటున్నది. వ్రాసినవాడు మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిదళంలో పనిచేసిన సైనికాధికారి. అంతటి కథ, అటువంటి కాలంలో, అటువంటి కలం నుండి వస్తే నమ్మకపోవడమే కష్టం.

1985, 86 సంవత్సరాలలో నైల్ షార్పుల్స్ ఈ కోటను మళ్ళీ త్రవ్వాడు. క్రీ. పూ. మొదటి శతాబ్దం నాటికే కోటలో అధికభాగం ఖాళీ అయిందనీ, జనావాసం తూర్పు కొనకు పరిమితమైందనీ ఆయనకు తేలింది. అంటే వెస్పేసియన్ వచ్చేనాటికి ముట్టడించవలసిన మహానగరమేదీ అక్కడ లేదు. తూర్పు వాకిలి ప్రాంతంలో ఇనుపపని విరివిగా సాగినట్లు చిట్టెం దొరికింది. కొలుములు ఉన్నచోట బొగ్గూ బూడిదా ఉండడంలో వింత లేదు. దానికి సైన్యం రానక్కరలేదు. ఇక సమాధులు. హడావుడిగా పూడ్చిన శవాల ప్రక్కన కుండలు ఎందుకుంటాయి? కొందరి చేతి దగ్గర గొర్రె మాంసపు ముక్క ఎందుకుంటుంది? డ్యూరోట్రిజెస్ అనే స్థానిక జాతివారు శవాన్ని ముడుచుకొన్న భంగిమలో పరుండబెట్టి, పాత్రలు, ఆహారం ఉంచి పూడ్చే ఆచారం ఆ జిల్లా అంతటా తెలిసినదే. ఇది మామూలు శ్మశానవాటిక. అందరి ఎముకలపైనా గాయాలు లేవు. కొందరికి మానిన పాత గాయాలు ఉన్నాయి. ఆ ఇనుపమొన కూడా చేతితో విసిరిన ఈటెది కావచ్చునని చెప్పినవారున్నారు.

అయినప్పటికీ ‘రోమన్లు కాదు’ అనడానికి తిరుగులేని రుజువు కావలసి వచ్చింది. వీలర్ కాలంలో కాలనిర్ణయానికి కుండపెంకులు, నాణేలే ఆధారం. రేడియో కార్బన్ పద్ధతిని విల్లర్డ్ లిబ్బీ కనుగొన్నది 1949 లో. ప్రాణి జీవించి ఉన్నంతకాలం ఆహారం ద్వారా శరీరంలో చేరుతూ ఉండే ఒకవిధమైన కార్బన్ మరణంతో ఆగిపోతుంది. అప్పటినుండి 5,730 సంవత్సరాలకు సగం చొప్పున తరుగుతూ ఉంటుంది. మిగిలినది కొలిచి వయస్సు లెక్కకట్టవచ్చు. ఒక్క ఎముకతో వచ్చే తేదీ కొన్ని దశాబ్దాలు అటూ ఇటూ ఊగుతుంది గాని, ఒకే శ్మశానంలోని అనేక ఎముకల తేదీలను కలిపి గణిస్తే ఆ ఊగిసలాట తగ్గుతుంది. బోర్న్‌మౌత్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ స్మిత్, మైల్స్ రసెల్, పాల్ చీతమ్ వీలర్ తీసిన ఎముకలనే ఇలా పరీక్షించి 2025 లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ చనిపోయినవారు ఒక్కరోజున చనిపోలేదు. క్రీ. పూ. మొదటి శతాబ్దపు చివరి నుండి క్రీ. శ. మొదటి శతాబ్దపు తొలి భాగం వరకు, తరతరాలుగా, విడతలు విడతలుగా చనిపోయారు. ఎక్కువమంది రోమన్ సైన్యం ఈ తీరాన అడుగు పెట్టకముందే మట్టిలో కలిశారు. వారిని చంపినవారు బహుశః వారి ఇరుగుపొరుగువారే, లేదా బంధువులే.

దీని అర్థం రోమన్లు క్రూరులు కారని కాదు. కొంత దూరంలో ఉన్న హాడ్ హిల్ గిరిదుర్గంలో బాణయంత్రపు మొనలు ఒక ఇంటి ఆవరణలో గుమిగూడి దొరికాయి. ఆ కోట మూలలోనే రోమన్లు తమ సైనికశిబిరాన్ని కట్టుకున్నారు కూడా. ఒకచోట జరిగినదానిని ఆధారం లేకుండా మరొకచోటికి ఎత్తుకుపోరాదన్నదే ఇక్కడి వాదన. నిజానికి ఈ కొత్త వృత్తాంతం పాతదానికంటె మనస్సుకు ఇబ్బంది కలిగించేది. పరాయి సైన్యం చంపిందంటే వీరగాథ అవుతుంది. మనవారే మనవారిని తరాల తరబడి చంపుకున్నారంటే దానికి స్మారకస్తంభం కట్టేవారు ఉండరు.

ఇంతవరకు చెప్పినది ఇంగ్లండు సంగతి. ఈ వీలర్ గారే 1944 లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి 1948 వరకు పనిచేశాడు. వచ్చిన సంవత్సరమే తక్షశిలలో శిక్షణ శిబిరం నడిపి, డార్సెట్ కొండపై అభ్యసించిన గళ్ళ పద్ధతిని భారతీయ యువకులకు నేర్పాడు. 1945 లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో, 1947 లో చిత్రదుర్గ జిల్లాలోని బ్రహ్మగిరిలో త్రవ్వించాడు. అనంతపురం జిల్లా రాయదుర్గానికి చేరువలో ఉన్న ఈ బ్రహ్మగిరి, అశోకుని శాసనం ఉన్న స్థలమే. అక్కడ అడుగున రాతిగొడ్డళ్ళవారి పొర, దానిమీద రాక్షసగుళ్ళు కట్టినవారి పొర, దానిపైన శాతవాహనుల నాటి పొర వరుసగా కనబడ్డాయి. మూడవ పొరకు ఆయన ‘ఆంధ్ర సంస్కృతి’ అని పేరు పెట్టాడు. అరికమేడులో రోమన్ సరకులతోపాటు దొరికిన కుండపెంకుల ఆధారంతో ఆ పొరకు కాలం కట్టాడు. దక్షిణాపథపు పూర్వచరిత్రకు ఒక నిచ్చెన దొరికినది అప్పుడే. తరువాత వచ్చినవారు దాని మెట్లను సవరించారు గాని నిచ్చెనను తీసివేయలేదు.

అయితే మంచి పద్ధతితోపాటు పాత అలవాటు కూడా ఓడ ఎక్కి వచ్చింది. 1946 లో హరప్పాలో ఆయనకు దుర్గప్రాకారం బయటపడింది. మొహెంజొదారో వీధులలోనూ ఇళ్ళలోనూ అంతకుముందే ఇతరులు త్రవ్వినపుడు కొన్ని పదుల అస్థిపంజరాలు దొరికి ఉన్నాయి. కోట ఉన్నది, శవాలు ఉన్నాయి, గ్రంథస్థమైన ఒక విజేత పేరు కావాలి. డార్సెట్‌లో స్యుటోనియస్ ఇచ్చిన సాయం ఇక్కడ ఋగ్వేదం ఇచ్చింది. పురందరుడు, అనగా పురాలను భేదించినవాడు, అని స్తుతింపబడిన ఇంద్రునే ఆయన ముద్దాయిగా నిలిపాడు. ఆర్యుల దండయాత్ర సింధు నగరాలను కూల్చిందన్నాడు. ఈ వాదం ఎన్ని తరగతి గదులకు, ఎన్ని రాజకీయ వేదికలకు ఎక్కిందో, దానివల్ల ఎందరు ఎందరిని నిందించారో తెలుగు పాఠకులకు తెలిసినదే. 1964 లో జార్జ్ డేల్స్ ఆ అస్థిపంజరాల వివరాలను మళ్ళీ తిరగవేశాడు. అవన్నీ ఒకే కాలపు పొరలోనివి కావు. ప్రాణాలకు తెగించి పోరాడవలసిన దుర్గప్రాంతంలో ఒక్క శవం కూడా దొరకలేదు. తరువాత కెన్నెత్ కెనడీ ఎముకలను పరీక్షించినపుడు అధికభాగంపై ప్రాణాంతకమైన ఆయుధగాయాలే కనిపించలేదు. భాషలు, జనుల రాకపోకలు ఎలా జరిగాయన్నది వేరొక పెద్ద ప్రశ్న. దానికి జవాబు ఎటు తేలినా, మొహెంజొదారో ఊచకోత మాత్రం ఆధారంగా నిలువదు.

వీలర్‌ను ఇక్కడ దోషిగా నిలబెడితే మరొక తప్పు చేసినట్లే. డార్సెట్‌లో ఆయన కథను కాదన్నవారికి ఆధారం ఇచ్చినది ఆయనే. ఏ ఎముక ఏ గోతిలో, ఏ పొరలో దొరికినదో వ్రాసి, ఫోటో తీసి, పెట్టెలలో భద్రపరచి, ఆరు సంవత్సరాలలోనే గ్రంథం అచ్చువేశాడు. గ్రంథం లేని త్రవ్వకాన్ని విధ్వంసమనేవాడు. నిధుల కొరకు గుళ్ళనూ దిబ్బలనూ త్రవ్విపోసినవారి సంగతి తెలిసినవారికి ఈ వ్యత్యాసం అర్థమవుతుంది. వారి తప్పులను దిద్దడానికి కూడా ఏమీ మిగలలేదు.

కోటను చూడదలచిన కుటుంబాలకు కొన్ని సూచనలు. ప్రవేశ రుసుము లేదు. పడమటి వాకిలి గుండా ఎక్కి, మెలికల దారిలో పిల్లలను ముందు నడిపిస్తే, ద్వారం ఎందుకు కనబడదో వారికే తెలుస్తుంది. పైన గాలి విపరీతం. ఎండ కాస్తున్న రోజున కూడా స్వెట్టరు ఉండాలి. తూర్పు భాగంలో నాలుగవ శతాబ్దపు చివరికాలంలో కట్టిన చిన్న రోమన్ దేవాలయపు పునాదులు కనిపిస్తాయి. అప్పటికి కోట విడిచిన జనం క్రింద డార్చెస్టర్‌లో స్థిరపడి మూడు వందల ఏళ్ళు దాటింది. అయినా దేవుని కొరకు మళ్ళీ కొండ ఎక్కారు. ఆ పునాదులు దాటి తూర్పు వాకిలికి దిగితే సమాధులున్న చోటు వస్తుంది. దానిని మళ్ళీ పూడ్చివేశారు, పచ్చిక మొలిచింది. 47 ఎకరాలలో ఇంతవరకు గునపం తగిలినది చాలా కొద్ది భాగమే. మిగిలిన నేల క్రింద ఇళ్ళూ పాతరలూ ఎక్కడెక్కడ ఉన్నవో యంత్రాల సాయంతో పైనుండే గుర్తించి పటం గీశారు గాని, వాటిని తెరువలేదు. పైన గొర్రెలు మేస్తున్నాయి.